లోహ కాలుష్యానికి జీవసూచికలు: చిన్న క్షీరదాల అధ్యయన చరిత్ర

మట్టిని పరీక్షిస్తే అందులో సీసం ఎంత ఉందో తెలుస్తుంది. కాని అందులో ఎంత భాగం ప్రాణుల శరీరంలోకి చేరుతుందో మట్టి పరీక్ష చెప్పదు. ఆ సమాధానం కోసం శాస్త్రజ్ఞులు ఎలుకలను, చుంచెలుకలను ఎలా ఆశ్రయించారో ఈ భాగంలో తెలుసుకుందాం.

పెట్రోలులో సీసం కలపడం 1920లలో మొదలైంది. అయితే రోడ్డు పక్క జీవులపై దాని ప్రభావాన్ని కొలవడానికి చాలా కాలం పట్టింది. బ్రిటన్‌లో జెఫ్రీస్, ఫ్రెంచ్ రోడ్ల అంచుల్లోను, పొలాల్లోను చిన్న క్షీరదాలను పట్టి, వాటిలోని సీసాన్ని పోల్చి 1972లో ఫలితాలు ప్రకటించారు. 1978లో రాబర్ట్స్, జాన్సన్, హటన్‌ల దృష్టి మూతపడిన గనుల వైపు మళ్లింది. గని మూతపడినా దాని వ్యర్థాల గుట్టలపై తిరిగే జంతువుల్లోకి సీసం చేరుతూనే ఉంది. అది ఎక్కువగా ఎముకల్లో నిలవ ఉంటుంది.

ఈ పనికి చిన్న జంతువులే ఎందుకు? నక్క మైళ్ల కొద్దీ తిరుగుతుంది కాబట్టి దాని ఒంట్లోని లోహం ఎక్కడిదో చెప్పలేం. ఎలుక తిరిగే మేర చిన్నది, దాని ఆయుష్షూ తక్కువే. అందుకే దానిలోని లోహం ఆ చోటిదే, ఇటీవలిదే అయి ఉంటుంది.

అయితే ఏ జంతువును పట్టాలన్నది అసలు చిక్కు. వోల్ అనే గడ్డి ఎలుక ఆకులు తింటుంది. చుంచెలుక పురుగులను, వానపాములను తింటుంది. (మన ఇళ్లలో కనిపించే చుంచెలుక కూడా నిజానికి ఎలుక జాతిది కాదు, కీటకాహారి.) వానపాములు నేలలోని కాడ్మియాన్ని బాగా పోగుచేసుకుంటాయి. వాటిని తిన్న జంతువు మూత్రపిండాల్లో అది పేరుకుంటుంది. కాబట్టి ఒకే చోట వోల్‌లో తక్కువగా కనిపించిన కాడ్మియం చుంచెలుకలో ఎన్నో రెట్లు ఉండవచ్చు. వోల్‌లను మాత్రమే పరీక్షించినవారు ఆ నేలను మంచిదనుకొనే ప్రమాదం ఉంది.

నెదర్లాండ్స్‌లోని బుడెల్‌లో 1892లో జింక్ కర్మాగారం వెలిసింది. ఆ పరిసరాల్లో వానపాములను, వాటిని తినే మోల్ అనే బొరియల జంతువును వై-చున్ మా కలిపి పరిశీలించి 1987లో ఫలితాలు ప్రకటించారు. ఆమ్లత్వం ఎక్కువగా ఉన్న ఇసుక నేలలో లోహాలు వానపాముల్లోకి తేలికగా చేరతాయి. మట్టిలో ఎంత ఉందన్న అంకె ఒక్కటే సరిపోదనడానికి ఇదే కారణం.

1998 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని అస్నాల్కోయార్ గని వ్యర్థాల కట్ట తెగి బురద గ్వాదియామార్ నదిలో కలిసింది. బురదను ఎత్తివేసి, నేలను శుభ్రం చేశారు. అయినా తరువాతి ఏళ్లలో అక్కడ పట్టిన చుంచెలుకల కాలేయంలో, మూత్రపిండాల్లో లోహాలు ఎక్కువగానే కనిపించాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక పాత గని దగ్గర పట్టిన గడ్డి ఎలుకల్లో కాడ్మియం తక్కువగా ఉంది. దీన్నిబట్టి ఆ నేల సురక్షితమని ఎందుకు చెప్పలేం?