షీర్ ఖుర్మా మనదా, బయటిదా?

పోయిన ఈద్ అయిన రెండు రోజులకు మా బిటియా స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ దించకుండానే అడిగింది: "అబ్బా, షీర్ ఖుర్మా మనదా, బయటి నుంచి వచ్చిందా?" తోటి పిల్ల ఎవరో "మీ తిండి కూడా బయటి నుంచి వచ్చిందే" అన్నదట. ఆ "కూడా" అన్న ఒక్క లఫ్జ్ నా దిల్‌లో ముల్లయి దిగింది. పిల్లకు రెండు మాటలు చెప్పి ఊరుకోలేక ఇది రాస్తున్నా.

ముందు పేరు సంగతి. కొల్లూరుకు వచ్చిన కొత్తలో పక్కింటి అక్క కటోరా అందుకుని, "ఖుర్మా అంటిరి, ఇందుల కూరేది?" అని నవ్వింది. తప్పు ఆమెది కాదు. కూరల్లో వచ్చే కుర్మా వేరు. అది వేయించడం అనే అర్థమున్న తుర్కీ మాట. మన ఖుర్మా ఫార్సీ మాట, అంటే ఖర్జూరం. షీర్ అంటే పాలు. పాలూ ఖర్జూరమూ, అంతే. పేరులో సేవయ్యాఁ లేవు, జీడిపప్పు లేదు. పేరు పెట్టినవాళ్ళకు అసలు సంగతి ఖర్జూరమే.

ఎందుకంటే ఈదుల్ ఫిత్ర్‌కూ ఖర్జూరానికీ రిష్తా పాతది. ఈద్ పొద్దున నమాజ్‌కు బయలుదేరేముందు హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినేవారని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన హదీసు సహీ బుఖారీలో ఉంది. నెల రోజుల రోజాలు ముగిశాయని చాటే సున్నత్ అది. మనం ఈద్‌గాహ్‌కు పోయేముందు కటోరా అందుకున్నప్పుడు తలచుకోవాల్సింది దాన్నే.

మరి ఫార్సీ పేరు దక్కన్ బావర్చీఖానాలోకి ఎట్లా వచ్చింది? మా కొల్లూరు నుంచి చూస్తే దారి కనబడుతుంది. ఒక దిక్కు ఇరవై కిలోమీటర్ల దూరంలో గోల్కొండ. ఇంకో దిక్కు పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ దాటితే బీదర్. 1347లో మొదలైన బహమనీ సల్తనత్ ఆ తర్వాతి శతాబ్దంలో బీదర్‌ను రాజధాని చేసుకుంది. ఇరాన్ నుంచి ఆలిములు, తాజిర్లు, సిపాయీలు వచ్చారు. గీలాన్ నుంచి వచ్చిన ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా కొంత కూలినా ఇంకా నిలబడే ఉంది. గోల్కొండలో కుతుబ్‌షాహీ సల్తనత్‌ను నిలబెట్టిన సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చినవాడు. ఈ దర్బార్లలో ఫార్సీ నడిచింది.

రష్యన్ తాజిర్ అఫనాసీ నికితిన్ 1470ల ప్రాంతంలో హుర్ముజ్ నుంచి ఓడెక్కి, ఒక గుర్రంతో చౌల్ రేవులో దిగి బీదర్ చేరాడు. దారిలో ఇరాన్ దక్షిణాన పశువులకు కూడా ఖర్జూరాలు మేపుతారని రాసుకున్నాడు. ఖర్జూరం అంత విరివిగా పండే ముల్క్‌తో మన దక్కన్‌కు అట్లాంటి రాకపోకలుండేవి.

ఇంతవరకు చదివి, "అయితే బయటిదే కదా" అంటారేమో. ఆగండి, కటోరాలో చెంచా తిప్పి చూడండి.

చిరౌంజీ వేయనిదే మా అమ్మీకి షీర్ ఖుర్మా పూర్తికాదు. చిరౌంజీ అంటే సారపప్పు. ఇది ఇక్కడి అడవిలో కాసే మొర్రి పండు గింజ. ఆదిలాబాద్ అడవుల్లో ఆదివాసీలు ఏరి, పగలగొట్టి, సంతకు తెస్తారు. పాలు ఊరి బర్రెలవి. శక్కర్ సంగతైతే మరీ తమాషా. చెరకు రసం నుంచి పంచదార తీసే హునర్ ఈ ముల్క్‌లోనే పెరిగింది. సంస్కృతంలోని శర్కర ఇరాన్‌కు పోయి షకర్ అయింది, తిరిగొచ్చి మన ఇంట్లో శక్కర్ అయింది. ఇక జీడిపప్పు? పుట్టింది బ్రెజిల్‌లో. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. గుడి ప్రసాదంలోనూ అదే, మన కటోరాలోనూ అదే. దాన్ని ఎవరూ బయటిదనరు.

సేవయ్యాఁ మా నానీమా చేతుల్లోంచి వచ్చేవి. నులక మంచం పట్టీకి చేతిమిషన్ బిగించి ఒకరు పిండి పెడితే ఒకరు తిప్పేవాళ్ళు. తెల్లటి చద్దర్ మీద ఆరేసిన ఆ దారాలను కాకులు ఎత్తుకుపోకుండా కాపలా మా పిల్లలది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసే బిహారీ భాయిలు ఈద్‌కు వేరే తీరు చేస్తారు. ఖోవా, చక్కెర పాకంతో గట్టిగా ఉండే కిమామీ సేవయ్యాఁ. పోయిన ఈద్‌కు ఒకాయన మా ఇంట్లో తాగి, "ఇంత పలుచనా?" అని హైరాన్ అయ్యాడు. ఈద్ ఒకటే. వంట మాత్రం ఏ నేల మీద ఉంటే ఆ నేలది.

బిటియాకు ఇదే చెప్పాను: "పేరు ఇరాన్‌ది, ఖర్జూరం అరబ్‌ది, సారపప్పు మన అడవిది, వండింది మీ దాదీ. మనది కాకుంటే ఇంకెవరిది?"

కాసేపు ఆలోచించి అన్నది: "అయితే వచ్చే ఈద్‌కు ఆ పిల్లకు ఒక డబ్బా తీస్కపోతా. సారపప్పు ఎక్కువేసి."