మశూచి వెంటబడిన మిషనెరీ వైద్యుడు

మన సంఘములలో అరువదేండ్లు దాటినవారి చేతిమీద మశూచి టీకా మచ్చ నేటికిని కనబడును. వారి మనుమలకు ఆ మచ్చ లేదు. అమ్మవారు పోసినదనగానే ఊళ్లకు ఊళ్లు వణికిన ఆ రోగము భూమిమీద లేకుండ పోవుటకు పాటుపడిన అనేకులలో ఒకరైన డాక్టర్ విలియం ఫేగీగారిని గూర్చి ఈ శతాబ్ది సంచికలో కొంత వ్రాయదలచితిమి.

వీరు 1936లో అమెరికా దేశమున అయోవా రాష్ట్రములో ఒక లూథరన్ పాదిరిగారి యింట జన్మించిరి. పదునైదవ యేట నెలల తరబడి ప్లాస్టర్ కట్టుతో మంచము పట్టియుండగా, ఆఫ్రికాలో ఆల్బర్ట్ ష్వైట్జర్‌గారి వైద్యసేవను గూర్చి చదివి ఆ వైపు మనసు త్రిప్పుకొనిరి. వైద్యపట్టా పొంది, లూథరన్ మిషను పక్షమున తూర్పు నైజీరియాకు వెళ్లిరి.

ఆ దినములలో మశూచికి విరుగుడు ఊరందరికి టీకాలు వేయుటయే. నూటికి ఎనుబదిమందికి వేసిన చాలునని లెక్క. అయితే 1966 డిసెంబరులో ఓగోజా ప్రాంతమున రోగము కనబడినపుడు చేతనున్న మందు కొంచెమే. అక్కడి మిషనెరీలు సాయంకాలమున రేడియోలో ఒకరితోనొకరు మాటలాడుకొనెడివారు. ఫేగీగారు ఆ రేడియోలోనే ఒక్కొక్కరికి కొన్ని గ్రామములు పంచి, మనుష్యులను పంపి విచారించుడని కోరిరి. మరునాటికి రోగమెక్కడ నున్నదో తెలిసిపోయెను. ఆ యిండ్ల చుట్టును, ఆ ఊరివారు రాకపోకలు సాగించు సంతల యొద్దను టీకాలు వేసిరి. జనములో సగముమందికైనను వేయకయే రోగము ఆగిపోయెను. మశూచి మనుష్యులకే గాని పశువులకు రాదు. పొక్కులు అందరికిని కనబడును. రోగిని తాకిన మూడు నాలుగు దినములలో టీకా వేసినను కాపాడును. కిటుకంతయు ఇందులోనే యున్నది.

మిషను వైద్యమనగా ఆసుపత్రి మంచముల లెక్కయే యనుకొను అలవాటు మనలో నున్నది. ఇక్కడ పనికివచ్చినది మంచము కాదు, మిషనెరీల పరిచయములు.

ఫేగీగారు ఆరడుగుల ఏడంగుళముల పొడవరి. లోకములోనెల్ల పొడవైన మనిషిని చూతురుగాని రండని ఒక ఊరి పెద్ద చాటింపు వేయించగా వేలమంది వచ్చి టీకాలు వేయించుకొనిరట!

1973లో వారు మన దేశమునకు వచ్చిరి. దక్షిణాది అప్పటికి చాలవరకు బయటపడినది గాని బీహారు మండుచుండెను. 1974లో దేశమందు 1,88,000 మందికి మశూచి సోకెను. వెదకినకొలది రోగులు బయటపడుచుండగా, పాత పద్ధతికే మరలుదమని ఆ రాష్ట్ర మంత్రి పట్టుబట్టిరి. అపుడొక భారతీయ యువ వైద్యుడు లేచి, మా ఊరిలో ఇల్లు కాలిన ఆ యింటిమీదనే నీళ్లు పోయుదురు గాని ఊరంతటిమీద పోయరని చెప్పెను. మంత్రి మరియొక నెల గడువిచ్చిరి. లక్షకు పైగా కార్యకర్తలు రోగి బొమ్మగల కార్డు చేతబట్టి ఇల్లిల్లు తిరిగిరి. 1975 మే 24న అస్సాములోని కరీంగంజ్‌లో కనబడిన కేసుతో దేశమున మశూచి ముగిసెను.

1977 నుండి 1983 వరకు ఫేగీగారు అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రమునకు డైరెక్టరుగా నుండిరి. ఆ కాలములోనే, 1980 మే 8న, ప్రపంచ ఆరోగ్య మహాసభ మశూచి అంతరించినదని ప్రకటించెను. 1984 నుండి వారు పిల్లల టీకాల పనికి పూనుకొనిరి.