అణువుల లెక్క నుంచి ప్రవాహ సూత్రం దాకా

నీరు, గాలి ఎలా పారతాయో చెప్పే సమీకరణాలను 1757లో ఆయిలర్ ప్రచురించాడు. 1822లో ఫ్రెంచి ఇంజనీరు నేవియర్ వాటికి స్నిగ్ధతను, అంటే ద్రవం లోపలి రాపిడిని జోడించాడు. ఆ రాపిడి విలువ ఎంతో మాత్రం సమీకరణం చెప్పదు. కొలిచి అందులో వేసుకోవాల్సిందే. ఆ అంకె అసలు ఎక్కడ పుడుతుంది?

అణువుల కదలికలోనే వెతకాలన్నవాళ్లకు మొదట్లో ఆదరణ దక్కలేదు. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ విద్యార్థులకు పాఠాలు చెప్పే జాన్ వాటర్‌స్టన్, వాయువు ఉష్ణోగ్రతను అణువుల వేగంతో ముడిపెడుతూ 1845లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. పరిశీలకుడు దాన్ని అర్థరహితమని కొట్టిపారేశాడు. భౌతికశాస్త్రవేత్త రేలీ దాన్ని పాత కాగితాల్లోంచి వెలికితీసి 1892లో అచ్చువేయించేనాటికి వాటర్‌స్టన్ లేడు.

ఈలోగా 1860లో మాక్స్‌వెల్ దారి మార్చాడు. ఏ అణువు ఎటు పోతోందన్నది వదిలేసి, ఏ వేగంతో ఎన్ని అణువులున్నాయో లెక్కగట్టాడు. వచ్చిన ఫలితం ఆయననే ఆశ్చర్యపరిచింది: గాలి పలచబడినా స్నిగ్ధత మారదు! అణువులు తగ్గితే వేగాన్ని ఒక పొర నుంచి మరో పొరకు మోసేవీ తగ్గుతాయి. కానీ ఒక్కొక్కటీ ఢీకొనకుండా ఆ మేరకు ఎక్కువ దూరం పోతుంది. రెండూ సరిపోతాయి. నమ్మకం కుదరక, లండన్‌లో తన ఇంటి అటకమీదే భార్య క్యాథరిన్ సాయంతో ఆయన ప్రయోగం చేశాడు. వేలాడదీసిన గాజు బిళ్లలను రకరకాల పీడనాల్లో ఊగనిచ్చి చూశాడు. లెక్క నిలిచింది.

1872లో బోల్ట్‌జ్‌మన్ ఈ పద్ధతిని సమీకరణంగా మలిచాడు. 1900లో గణితవేత్త హిల్బర్ట్ తన ప్రసిద్ధ సమస్యల జాబితాలో ఆరోదానికింద, అణువుల నుంచి ప్రవాహ సూత్రాల దాకా తర్కబద్ధమైన దారి చూపమన్నాడు. 1916-17లో ఇంగ్లండ్‌లో చాప్‌మన్, స్వీడన్‌లో ఎన్‌స్కోగ్ ఎవరికివారే బోల్ట్‌జ్‌మన్ సమీకరణం నుంచి స్నిగ్ధత విలువను రాబట్టారు. అయితే అణువుల కదలికను చెప్పే న్యూటన్ సూత్రాల నుంచి బోల్ట్‌జ్‌మన్ సమీకరణం దాకా రావాల్సిన కింది మెట్టు మొండికేసింది. న్యూటన్ సూత్రాల్లో కాలాన్ని వెనక్కి తిప్పినా చెల్లుతుంది, బోల్ట్‌జ్‌మన్ సమీకరణంలో చెల్లదు. 1975లో లాన్‌ఫర్డ్ అతిస్వల్పకాలానికి ఆ మెట్టును నిరూపించాడు. దీర్ఘకాలానికీ నిరూపించామంటూ 2024లో డెంగ్, హానీ, మా పత్రం వెలువరించారు.

ఇంత శ్రమకు దక్కింది అంకె ఒక్కటే కాదు, హద్దు కూడా. రెండు ఢీల మధ్య అణువు వెళ్లే సగటు దూరం ప్రవాహపు పరిమాణం కంటే బాగా తక్కువగా ఉన్నంతవరకే నేవియర్ సూత్రం నమ్మదగ్గది. ఉపగ్రహాలు తిరిగే ఎత్తుల్లో ఆ దూరం ఉపగ్రహాన్నే మించిపోతుంది. అక్కడ గాలి లాగుడు లెక్కగట్టాలంటే మళ్లీ అణువుల దగ్గరికే దిగాలి.