పాలెం మాట, వీధి మాట

నెల్లూరు తీరంలో ఓటు ఎవరికన్నది చాలాకాలం మనిషి తేల్చుకున్నది కాదు, పాలెం తేల్చింది. పట్టపు మత్స్యకారుల పాలేల్లో కుల పెద్దలు కూర్చుని దురాయి, అంటే కట్టుబాటు, వేస్తే ఆ మాట దాటకూడదు. వేటకు ఎప్పుడు పోకూడదో, తగవు ఎలా తీరాలో, గుడికి ఎంత ఇవ్వాలో చెప్పే నోరే ఎన్నికల్లో ఏ గుర్తో కూడా చెప్పేది. అమాయకత్వమని కొట్టిపారేయడం తేలిక. కానీ పడవ, వల, పంపకం నలుగురితో ముడిపడిన బతుకులో దురాయి దాటినవాడికి తప్పు కడితే తీరిపోదు, వేటకు కలుపుకునేవాళ్లు దొరకరు. పైగా రోడ్డో, తుపాను షెల్టరో కావాలంటే నాలుగు ఓట్ల ఇంటి మాట ఎవరు వింటారు? పాలెం ఓట్లన్నీ ఒకవైపే పడతాయంటే నాయకుడే ఇసుకలో నడిచొస్తాడు. ఓటు రహస్యం కదా, పెద్దలకెలా తెలుస్తుందని అడగొచ్చు. రహస్యం మనిషి ఓటుకే, పాలెం ఓటుకు లేదు. ఫలితాలు పోలింగ్ బూత్‌లవారీగా బయటికొస్తాయి గనక ఏ పాలెం ఎటు మొగ్గిందో పార్టీలకు ఇట్టే తెలుస్తుంది. బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, అమలు కాలేదు. కట్టుబాటు నిలవడంలో కులానికెంత పాలుందో ఈ లెక్కింపుకూ అంతే ఉందని నా అభిప్రాయం.

అదే జిల్లా మెట్టలో ఈ కట్టుబాటు పద్ధతే ఇంకోలా అక్కరకొచ్చింది. 1990లో మొదలైన అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రిబడులు నడిచాయి. అక్కడి వాచకంలో తాగుడుకు బలైన సీతమ్మ కథ చదివాక కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై ఊళ్లకు పాకింది, 1992లో ఉద్యమమైంది. ముందు నడిచినవాళ్లు ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు. ఇదంతా సర్కారు వాచకం చలవేనంటారు కొందరు. చదువు దారి చూపిన మాట నిజమే. అయితే దుకాణం మీదికి ఒంటరిగా పోయిన ఇల్లాలికి ఇంట్లో దెబ్బలే మిగిలేవి. వీధి వీధంతా చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని కాపుకాస్తేనే సారా బండి వెనక్కి మళ్లింది, వేలంపాటలు ఆగాయి. తాగినవాడికి తప్పు వేయడం, నలుగురిలో నిలబెట్టడం కులపంచాయతీ పద్ధతులే. బలవంతం ఇక్కడా ఉంది, కాదనను. కానీ కులపంచాయతీలో కూర్చునే హక్కు లేని ఆడవాళ్లే ఇక్కడ తీర్పు చెప్పారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలించినప్పుడు ఆ నిర్ణయం వీధిలో కాదు, హైదరాబాదులో జరిగింది, ఖజానా లెక్కలు చూసి.