బుల్లి ముక్కే శాపమైంది.. గుడ్డు పగలగొట్టుకుని బయటకు రాలేని పావురం గురించి తెలుసా?

గుండ్రటి తల, ఎత్తైన నుదురు, బార్లీ గింజ అతికించినట్టుండే బుల్లి ముక్కు.. మునివేళ్లపై నిలబడి, రెక్కలు తోక కిందకు వేలాడేసే ఈ పావురం చూడటానికి భలే ముద్దుగా ఉంటుంది. దీని పేరు ఇంగ్లిష్ షార్ట్ ఫేస్డ్ టంబ్లర్. ఫ్యాన్సీ పావురాల్లో అరుదైన రకం. అయితే ఆ అందమే దాని ప్రాణం మీదకు తెచ్చింది. మనిషి సాయం లేకపోతే ఈ జాతి నిలవడమే కష్టం.

డార్విన్ ఏం చెప్పారంటే..

టంబ్లర్ అంటే గాల్లో పల్టీలు కొట్టే పావురం. ఇంగ్లండ్ పెంపకందారులు తరతరాలుగా పొట్టి ముక్కు పిల్లలనే ఏరి జత కట్టించడంతో ఈ రకం తయారైంది. జీవ పరిణామ శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ కూడా స్వయంగా పావురాలు పెంచారు. లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరారు. మేలు రకం పొట్టి ముక్కు టంబ్లర్లలో బయటకు వచ్చే పిల్లల కంటే గుడ్డులోనే చనిపోయేవి ఎక్కువని చెబుతారని, అందుకే పెంపకందారులు పెంకు పగలడానికి సాయం చేస్తారని 1859లో వచ్చిన పుస్తకంలో రాశారు.

ఇందులో మనకూ ఓ లింక్ ఉంది. డార్విన్‌కు భారత్ నుంచి పావురాల చర్మాలు పంపిన అధికారి వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించింది కూడా ఆయనే.

పిల్లలకు పాలు పట్టేదెవరు?

ఆడ పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. 17, 18 రోజులు తల్లీతండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. మొదటి రోజుల్లో రెండూ మెడ సంచిలో ఊరే 'పావురం పాలు' పిల్లల నోట్లో పోస్తాయి. బుల్లి ముక్కుతో షార్ట్ ఫేస్డ్ టంబ్లర్‌కు ఈ పని సరిగా కుదరదు. అందుకే దాని గుడ్లను మామూలు ముక్కున్న వేరే జత కింద పెడతారు. అయితే రెండు జతలూ ఇంచుమించు ఒకేసారి గుడ్లు పెట్టి ఉండాలి. లేదంటే పిల్ల బయటకొచ్చే సమయానికి పెంచే జతకు పాలు ఊరవు.

ఇంకో జాగ్రత్త.. ఈ జాతిలో ఆల్మండ్ రంగుకు మంచి పేరు. కానీ రెండు ఆల్మండ్ పావురాలను జత కట్టిస్తే కొన్ని మగ పిల్లలు కంటి లోపాలతో, బలహీనంగా పుట్టే ప్రమాదం ఉంది.

పెంచాలనుకుంటే ఇవి తప్పనిసరి

* గూడు పొడిగా, గాలి ఆడేలా ఉండాలి. పిల్లి, ఎలుక, పాము దూరకుండా సన్నకన్నుల జాలీ బిగించాలి.

* ఒక్కో జతకు రెండు గూటి అరలు ఉండాలి. మొదటి పిల్లలు ఎగరకముందే తల్లి మళ్లీ గుడ్లు పెట్టేస్తుంది.

* జొన్నలు, సజ్జలు, గోధుమలు, బఠానీలు కలిపి పెట్టాలి. పొట్టి ముక్కు వాటికి చిన్న గింజలే మేలు. బూజు పట్టిన గింజలు అస్సలు వద్దు.

* పావురానికి పళ్లుండవు. గింజ అరగడానికి సన్నటి రాళ్లు, ఆల్చిప్పల పొడి అందుబాటులో ఉంచాలి.

* తాగే నీళ్లు రోజూ మార్చాలి. స్నానానికి వెడల్పాటి తొట్టి పెడితే ఈకలు శుభ్రంగా ఉంటాయి.

* కొత్తగా తెచ్చిన పావురాన్ని కొన్ని వారాలు విడిగా ఉంచాకే మిగతావాటితో కలపాలి.

మీ ఊపిరితిత్తులు జాగ్రత్త

ఎండిన రెట్ట, ఈకల దుమ్ము రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కాస్త నీళ్లు చల్లి, మాస్క్ పెట్టుకుని గూడు శుభ్రం చేయాలి. పొడిదగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టర్‌ను కలవాలి. ఇంట్లో పావురాలు ఉన్నాయని ముందే చెప్పాలి.

కొత్తవాళ్లు ముందు గట్టి రకాలతో మొదలుపెట్టి, పిల్లల్ని పెంచడం చూసి నేర్చుకోవాలి. మోజు తీరాక వదిలేద్దాం అనుకుంటే మాత్రం కుదరదు. ఈ బుల్లి ముక్కు పావురం బయట తిండి వెతుక్కుని బతకలేదు. దాన్ని ఇలా తయారుచేసింది మనిషే.. చివరిదాకా చూసుకోవాల్సిందీ మనిషే.