అలుకు, పూత, వెల్ల: తెలుగు ఇంటి రంగుల చరిత్రకు క్రియాపదాల సాక్ష్యం

ఉపోద్ఘాతం

తెలుగువారి వర్ణకళ ప్రస్తావన వచ్చినప్పుడు పరిశోధకుల దృష్టి దేవాలయాల పైకప్పుల మీదికి, కావ్యాలలోని చిత్రశాలల మీదికి పోవడం పరిపాటి. లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్ది చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. క్రీడాభిరామం ఓరుగల్లులోని మాచల్దేవి చిత్రశాలను వర్ణించింది. సామాన్యుల ఇంటిగోడకు ఇటువంటి సాక్ష్యాలు అరుదు. ఆ గోడ మట్టిది. దానిమీది రంగు ఒక వానకాలంతో వెలిసిపోయేది. నిలవని వస్తువుకు చరిత్ర రాయడం ఎట్లా? ఆ రంగు నిలవకపోయినా, దానిని వేసిన పనికి పెట్టిన పేర్లు భాషలో నిలిచాయి. ఆ పేర్లను, ముఖ్యంగా క్రియాపదాలను ఆధారంగా గ్రహించి, ఇంటి రంగుల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పదార్థమే పేరు

ఇంటికి వాడిన రంగుల పేర్లలో అధికభాగం పదార్థాల పేర్లే. పసుపు ఒక దుంప. అదే ఒక వన్నె. జేగురు, జాజు, కావి అనేవి ఎర్రని మన్నుకు, రాతికి చెందిన మాటలు. నీలి ఒక మొక్క. సున్నం అనే మాట సంస్కృత ‘చూర్ణ’ శబ్దానికి ప్రాకృత రూపమైన ‘చుణ్ణ’ ద్వారా వచ్చింది. పల్నాడు, కర్నూలు ప్రాంతాలలో సున్నపురాతిని కాల్చి సున్నం తీశారు. సముద్రతీరంలో గుల్లలను కాల్చి గుల్లసున్నం చేశారు. అందువల్ల ఒక ఊరి గోడ రంగు ఆ ఊరి నేలను బట్టి ఏర్పడింది. సున్నం, ఎర్రమన్ను, మసి ఆలయచిత్రకారునికీ ఇంటి ఇల్లాలికీ ఉమ్మడి సామగ్రి. పదార్థం ఒకటే అయినా మొదటిది కళాచరిత్రలో చేరింది. రెండవది ఇంటిపనిగా మిగిలింది.

పనికి పెట్టిన పేర్లు

ఇంటికి రంగు కూర్చే పనికి తెలుగులో ఒకే క్రియ లేదు. నేలను పేడతో అలుకుతారు. గోడకు మన్ను మెత్తుతారు, పైన పూస్తారు. సున్నంతో వెల్ల వేస్తారు. గడపకు పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు. వాకిట ముగ్గు తీరుస్తారు. ఈ క్రియలలో ప్రతిదానికీ తనదైన స్థలం, పదార్థం, చేతి కదలిక, కాలం ఉన్నాయి. ముగ్గు రోజూ వేసేది. అలుకు వారానికో పండుగకో చేసేది. వెల్ల ఏడాదికొకసారి, సంక్రాంతికి ముందో పెళ్లికి ముందో వేసేది. ‘తీర్చిదిద్దు’ అనే జంటక్రియ నేడు మనిషిని, వాక్యాన్ని, సంస్థను మెరుగుపరచడానికి వాడుతున్నాం. ముగ్గు తీర్చడం, బొట్టు దిద్దడం అనే వాడుకలలోనూ ఈ రెండు క్రియలే ఉన్నాయి.

శ్రీకాకుళం, విజయనగరం మన్య ప్రాంతాల సవరల ఇళ్లు ఈ విషయాన్ని మరొక దిశ నుంచి స్పష్టం చేస్తాయి. ఎర్రమన్ను పూసిన గోడమీద బియ్యప్పిండితో తెల్లని బొమ్మలు వేయడం వారి సంప్రదాయం. ఒడిశా కొండసవరల గోడచిత్రాలను వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు. ఆ బొమ్మ దేవతకో పితరులకో సమర్పణ. ఇంటికి అందం చేకూర్చడం దాని ప్రథమ ప్రయోజనం కాదు. వాకిటి ముగ్గును, గడప పసుపును కూడా ‘అలంకారం’ అనే ఒక్కమాటతో సరిపెట్టడం అసమగ్రమవుతుంది.

సున్నం నుంచి డబ్బా రంగు వరకు

కాల్చిన సున్నపురాయి నీటిలో పడగానే ఉడుకుతుంది. ఆ తేటను వడగట్టి, పట్టు కోసం గంజినో జిగురునో కలిపి, నార కుంచెతో గోడకు వేసేవారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆ పూత మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. గోడలోని తేమను అది బయటికి పోనిస్తుంది. వానకు కొంత కరగడం దాని స్వభావం. ఏటేటా మళ్లీ వేయవలసిన అవసరం అందులోనే ఉంది.

తెలుపు తళుక్కుమనడానికి సున్నంలో చిటికెడు నీలిమందు కలపడం తెలిసినదే. ఈ పేరు వెనుక ఒక మార్పు దాగి ఉంది. కోరమాండల్ తీరం నుంచి 17వ శతాబ్దిలో ఎగుమతి అయిన నీలిమందు మొక్కనుంచి తీసినది. చాకలి నీలిగా, సున్నపు నీలిగా తర్వాత వాడుకలోకి వచ్చిన పొడి కృత్రిమ అల్ట్రామెరైన్. ఫ్రాన్సులో గిమే అనే రసాయనశాస్త్రజ్ఞుడు దాని తయారీకి 1828లో బహుమతి పొందాడు. పదార్థం మారినా పేరు మారలేదు. పదార్థమే పేరుగా ఉన్న వ్యవస్థలో తొలి పగులు ఇక్కడ కనిపిస్తుంది.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో డిస్టెంపర్, ఎనామిల్, ఆపైన ఎమల్షన్ వచ్చాయి. రంగుకు నేలతో సంబంధం తెగింది. కంపెనీ రంగుల పట్టీతో సంబంధం ఏర్పడింది. ఎంపిక విస్తరించింది, మునుపు సామాన్యులకు అందని వన్నెలు అందాయి. ఈ లాభాన్ని తక్కువ చేయనక్కరలేదు. అదే సమయంలో క్రియలు కుదించుకుపోయాయి. గోడ, తలుపు, గడప అన్నింటికీ ‘పెయింట్ వేయించడం’ అనే ప్రేరణార్థక క్రియ ఒక్కటే మిగిలింది. సున్నం వేయించడం, కలిగినవారి ఇళ్లలో అలికించడం పూర్వమూ ఉన్నాయి. అయితే నాడు ‘అలికాను’, ‘అలికించాను’ అనే రెండు వాక్యాలూ సంఘంలో పక్కపక్కనే వినిపించేవి. వాటి భేదం ఆ ఇంటి స్థితిని తెలిపేది.

పేరు లేని చేయి

‘ఇల్లలకగానే పండగ కాదు’ అనే సామెత అలుకును ఆరంభమాత్రంగా లెక్కించింది. అలుకు లేకుండా పండుగ మొదలుకాదన్న సంగతిని కూడా అదే సామెత ఒప్పుకొంటున్నది. ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ ప్రసిద్ధం. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఆ ఈగ స్థానంలో గృహిణి నిలిచింది. ఆ కథను స్త్రీ అస్తిత్వం దృష్టితో చదవడం సముచితం. ఇంటి రంగుల చరిత్ర దృష్టితో చదివితే మరొక అంశం బయటపడుతుంది: ఇంటికి వన్నె తెచ్చిన చేయికి ఆ పనిలో ఎక్కడా సంతకం లేదు.

విద్యారంగంలోనూ ఈ లోపం కొనసాగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశాల కృషి శ్రామికుల మాటకు శాస్త్రగౌరవం తెచ్చింది. కాని కూలి లేని అలుకు ‘వృత్తి’ అనే నిర్వచనంలోకి రాదు. తాపీపని పదాలను సేకరించే పరిశోధకుడు మేస్త్రిని అడుగుతాడు. పేడలో మన్ను పాలెంతో, సున్నంలో గంజి ఎప్పుడు కలపాలో తెలిసిన వృద్ధురాలిని ప్రశ్నించే ప్రణాళిక ప్రత్యేకంగా వేసుకోవాలి.

ముగింపు

ఈ సేకరణకు ప్రయోజనం నిఘంటువుతో ముగియదు. పాత మండువా లోగిళ్ల సున్నపు గోడలపై సిమెంటు, ప్లాస్టిక్ రంగు వేసినచోట తేమ లోపలే నిలిచి పూత పెచ్చులూడుతుంది. వాటిని కాపాడాలంటే పాత పూతల కలపడం, వేయడం తెలియాలి. ఆ జ్ఞానం చాలావరకు క్రియాపదాలలో, వాటిని వాడినవారి చేతులలో ఉంది. వన్నెల పేర్లు రంగుల పట్టీలో దొరుకుతాయి. అలకడం, మెత్తడం, పూయడం, తీర్చడం మధ్య భేదాలు చెప్పగలవారు వయసు మళ్లినవారు. ప్రాంతాలవారీగా ఆ మాటలను, పాళ్లను, కాలనియమాలను సేకరించే పనిని తెలుగు శాఖలు వెంటనే చేపట్టవలసి ఉంది. సేకరణపత్రంలో మాట పక్కన, ఆ మాట చెప్పినవారి సమ్మతితో, వారి పేరు కూడా రాయాలి.