మంచు తప్పుకొన్న దారి

ఈ మారు ఛందస్సును, నిఘంటువులను కాస్త పక్కన పెట్టి ఒక ప్రయాణసన్నాహాన్ని గురించి వ్రాస్తున్నాను. సియాటిల్‌లో ఉంటున్న మా అబ్బాయి, వచ్చే వేసవిలో మమ్మల్నిద్దరినీ అలాస్కా నౌకావిహారానికి తీసుకొని వెళతానని పట్టుపట్టాడు. "కర్నూలు ఎండల్లో మీరు మగ్గిపోనక్కరలేదు నాన్నగారూ. అక్కడ జూలైలోనైనా పదిహేడు, పద్ధెనిమిది డిగ్రీలకు మించదు" అన్నాడు. మా ఇంటావిడ మాత్రం "వారం రోజులు నీళ్ళమీదా! పులిహోరపొడి ఎంత కొట్టుకోవాలో ముందు చెప్పమను" అన్నది. తయారీ బాధ్యత ఆ విధంగా పంచుకోబడింది. పొడుల సంగతి ఆమెది, కాగితాల సంగతి అబ్బాయిది, చదివి తెలుసుకోవడం నాది.

కాగితాల దగ్గరే నా చదువు మొదలయింది. ఎక్కేది సియాటిల్‌లో, చూసేది అలాస్కా, దిగేది మళ్ళీ సియాటిల్‌లో. రెండూ అమెరికాయే గదా, మరి కెనడా వీసా ఎందుకని అడిగాను. కారణం 1886లో అమెరికా కాంగ్రెసు చేసిన ఒక చట్టం. విదేశీ జెండా ఎగురవేసే ఓడ అమెరికా రేవులనడుమ ప్రయాణికులను చేరవేయరాదని, స్వదేశపు ఓడల వ్యాపారాన్ని కాపాడుకోవడానికి చేసిన శాసనమది. నేటి పెద్ద విహారనౌకలు దాదాపు అన్నీ అన్యదేశాలలో నమోదయినవే. కనుక సియాటిల్‌లో బయలుదేరిన ఓడ దారిలో ఒక విదేశపు రేవును తాకి తీరాలి. అందుకే ఏ రాత్రివేళనో విక్టోరియాలో కొద్దిగంటలు ఆగుతుంది. ఆ కొద్దిగంటల కోసం భారతీయ పాస్‌పోర్టు గల మాకు కెనడా వీసా, పలుమార్లు ప్రవేశించడానికి వీలిచ్చే అమెరికా వీసా రెండూ కావాలి. 2021లో మహమ్మారి మూలంగా కెనడా తన రేవులను మూసినప్పుడు, అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా మరొక చట్టం చేసి తాత్కాలికంగా మినహాయింపు ఇస్తే తప్ప అలాస్కా ఓడలు కదలలేదు. ఆవిరియంత్రాల నాటి శాసనం నేటికీ ఒక విశ్రాంత తెలుగు పండితుని చేత దరఖాస్తులు నింపిస్తున్నదంటే, చరిత్ర గతించినదని ఎవరనగలరు?

ఇక ఏ నెల మంచిది? ఈ ఓడలు సాధారణంగా మే నుండి సెప్టెంబరు వరకు తిరుగుతాయి. ఆగ్నేయ అలాస్కా వానల సీమ. అక్కడ మే, జూన్ మాసాలు కొంత పొడిగా ఉంటాయి, సెప్టెంబరు వచ్చేసరికి ముసురు పట్టుకొంటుంది. జూన్‌లో జూనో పట్టణంలో రాత్రి పదిగంటల ప్రాంతానికి గాని సూర్యుడు అస్తమించడు. సంధ్యావందనం చేసుకొనేవారికి అదొక చిక్కు. మొత్తంమీద జూన్ మొదటివారం నిశ్చయించుకొన్నాము.

ఈ విహారం నిన్న మొన్నటిది కాదు. 1867లో రష్యా నుండి 72 లక్షల డాలర్లకు అమెరికా అలాస్కాను కొన్నది. 1879 అక్టోబరులో జాన్ మ్యూర్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు, ఒక క్రైస్తవ మతబోధకునితో కలిసి, ట్లింగిట్ జాతివారు తెడ్లు వేస్తున్న పడవలో మంచుకొండల అఖాతంలోకి వెళ్ళాడు. నేడు దానినే గ్లేసియర్ బే అంటున్నారు. ఆయన దానిని కనుగొన్నాడని తరచుగా వ్రాస్తారు. కాని దారి చూపినది, అక్కడ సీల్ జంతువుల వేటకు వచ్చే స్థానికులే. 1883లో కెప్టెన్ జేమ్స్ కారల్ ఇడాహో అనే ఆవిరినౌకను అదే అఖాతంలోకి నడిపించాడు. అందులో ఉన్న విహారయాత్రికులలో ఎలైజా సిడ్మోర్ అనే పత్రికారచయిత్రి ఒకరు. ఆమె 1885లో ఆ తీరాన్ని గురించి ఒక పుస్తకం వెలువరించింది. వాషింగ్టన్ నగరంలో జపాను చెర్రీచెట్లు నాటించాలని ఏళ్ళతరబడి ప్రయత్నించిన సిడ్మోర్ ఈమెయే. ఆ పిమ్మట వేసవి వచ్చిందంటే యాత్రికులు దిగి మ్యూర్ హిమానీనదం మీద నడిచి రావడం పరిపాటి అయింది. 1899 సెప్టెంబరులో వచ్చిన పెద్ద భూకంపానికి ఆ మంచుగోడ ముక్కలై, అఖాతమంతా మంచుగడ్డలతో నిండిపోయి, కొన్నేళ్ళపాటు ఓడలు దానిని సమీపించలేకపోయాయి. ఈనాడు మ్యూర్ హిమానీనదం సముద్రాన్నే తాకడం లేదు. ఓడలు ఇంకా లోపలికి పోయి, మార్జరీ అనే మరొక దాని ముందు నిలుస్తాయి.

ఇంతవరకు చదివి సంతోషించాను. ఆ తరువాత చదివినది నన్ను కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు.

1794లో వాంకూవర్ నౌకాబృందంలోని జోసెఫ్ విడ్బీ ఆ తీరాన్ని పడవలలో పరిశీలించినప్పుడు, అక్కడ అఖాతమే లేదు. ఎనిమిది కిలోమీటర్లపాటి ఒక చిన్న ఒంపు, దాని వెనుక నిలువెత్తు మంచుగోడ. మ్యూర్ వచ్చేనాటికి ఆ మంచు 50 కిలోమీటర్లకు మించి వెనుదిరిగింది. 1916 నాటికి ప్రధాన హిమానీనదం అఖాతపు ముఖద్వారం నుండి 105 కిలోమీటర్ల దూరానికి చేరింది. అయితే విడ్బీ చూసిన మంచుగోడ అనాదిగా అక్కడ ఉన్నది కాదు. అంతకు పూర్వం అది నదీలోయ, సాల్మన్ చేపల ఏరులున్న పచ్చిక నేల. హూనా ట్లింగిట్ జాతివారి పల్లెలు అక్కడుండేవి. చిన్న హిమయుగమని శాస్త్రజ్ఞులు పిలిచే కాలంలో, పర్వతాలలోని మంచు ముందుకు దూకి, 1750 ప్రాంతానికి ఆ లోయనంతా కప్పివేసింది. జనం పడవలెక్కి వెళ్ళిపోయారు.

ఈ సంగతిని వారు తరతరాలుగా ఒక కథగా చెప్పుకొంటారు. కాస్టీన్ అనే అమ్మాయి పెద్దమనిషి అయింది. మన వైపు సమర్తాడిన పిల్లను విడిగా కూర్చోబెట్టినట్లే, ఆమెను కూడా ఒంటరిగా ఉంచారు. ఆ ఒంటరితనానికి తాళలేక, ఆ పిల్ల ఎండుచేప ముక్క చూపి కుక్కను పిలిచినట్లు హిమానీనదాన్ని పిలిచిందట. అది కదిలి వచ్చింది. ఊరు ఖాళీ చేయవలసివచ్చినప్పుడు ఆమె వెళ్ళలేదని, తన ఇంట్లోనే ఉండి మంచుపాలయిందని ఒక పాఠం. యువతి వంశానికి కావాలి, నేను ముసలిదాన్ని, నేనుంటానని ఆమె స్థానంలో ఒక వృద్ధురాలు నిలిచిపోయిందని మరొక పాఠం. రెండు పాఠాలలోనూ ఇంటిని విడువని మనిషి ఒకరున్నారు.

మిత్రులారా, నా సంగతి ఒకటి చెప్పాలి. 1981లో మా ఊరు కృష్ణానది జలాశయం క్రింద మునిగింది. నాకప్పుడు ఇరవై యేళ్ళు దాటాయి. మా నాయనమ్మ బండి ఎక్కనని గడపమీద కూర్చున్నది. చేతులు పట్టుకొని ఎక్కించినవాళ్ళలో నేనూ ఒకడిని. ఎండాకాలంలో నీరు తీసి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు జనం పడవలలో చూడవస్తారు. వారిది తప్పని నేనెన్నడూ అనుకోలేదు. అయినా ఆ పడవ ఎక్కడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు మరొకరి మునిగిన ఊరిమీదుగా, పైఅంతస్తు వసారాలో కూర్చొని కాఫీ త్రాగుతూ వెళ్ళడానికి టికెట్టు కొంటున్నానా అనిపించింది.

ఆ ప్రశ్నతోనే ఇంకా చదివాను. మంచు తరిమిన ఆ ప్రజలు దక్షిణంగా, ఉత్తరపు గాలి తగలని చోట హూనా అనే ఊరు కట్టుకొన్నారు. మంచు వెనుదిరిగినకొద్దీ తిరిగి ఆ అఖాతానికి వేటకు, సముద్రపుకాకి గ్రుడ్లకు వెళ్ళసాగారు. 1925లో అమెరికా ప్రభుత్వం దానిని జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఆ నియమాలు క్రమంగా వారి వేటను, గ్రుడ్ల సేకరణను అడ్డుకొన్నాయి. మొదట మంచు, తరువాత చట్టం. 1944లో హూనా ఊరు చాలాభాగం అగ్నికి ఆహుతి అయింది. మళ్ళీ కట్టుకొన్నారు. 1980లో స్మారకం జాతీయోద్యానమయింది. 2014లో గ్రుడ్ల సేకరణకు చట్టం వీలు కల్పించింది. 2016 ఆగస్టులో, అఖాతం ముఖద్వారం దగ్గర, వారి వంశాలన్నిటికీ ఉమ్మడిగా ఒక గృహం నిర్మాణమై ప్రారంభమయింది. ఆనాడు వారు చెక్కిన దోనెలలో తెడ్లు వేసుకొంటూ వచ్చి ఆ ఒడ్డున దిగారు. రెండువందల యేళ్ళకు పైబడిన ఎడబాటు తరువాత అక్కడ వారి ఇల్లు లేచింది.

దీనితో మా సన్నాహం మారింది. అబ్బాయి మొదట చూపిన నౌక, ధర తక్కువదే గాని, మరొక మంచులోయకు పోయేది. రోజుకు రెండు పెద్ద విహారనౌకలకు మాత్రమే గ్లేసియర్ బేలో అనుమతి ఉన్నది. పెద్ద నౌకలవారు అక్కడ దిగడం ఉండదు, ఓడమీదినుండే చూడాలి. కాబట్టి ఆ వంశగృహంలో మేము కాలు పెట్టలేము. కాని ఉద్యానరక్షకులతోపాటు హూనా జాతివారు కూడా ఓడెక్కి, తమ కథను తామే చెబుతారట. అంతేకాదు, హూనా ఊరి అంచున ఒక పాత చేపల కర్మాగారాన్ని బాగుచేసి, ఆ ప్రజల సొంత సంస్థయే 2004 నుండి ఒక రేవును నడుపుతున్నది. గ్లేసియర్ బేకు పోయి, హూనాలోనూ ఆగే నౌక కావాలని నేను పట్టుపట్టాను. వెదకితే దొరికింది. వసారా లేని గది తీసుకొని ఆ తేడా సర్దుకొన్నాము.

"ఎందుకు నాన్నగారూ, ఆ చిన్న ఊళ్ళో ఏముంటుంది?" అని అడిగాడు అబ్బాయి. వాడు పుట్టేనాటికి మా ఊరు నీళ్ళక్రిందే ఉన్నది, వాడికి నేనెన్నడూ సరిగా చెప్పనూ లేదు. ఆ రాత్రి ఫోనులో గంటసేపు చెప్పాను. గడప సంగతి, నాయనమ్మ సంగతి కూడా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "టికెట్లు తీసేస్తాను. వచ్చే సంక్రాంతికి ఇంటికి వస్తాను, సంగమేశ్వరం తీసుకెళ్ళండి" అన్నాడు. సంక్రాంతికి నీళ్ళు తీయవురా, ఎండాకాలం రావాలి అన్నాను.

మా ఇంటావిడ ఇదంతా విని, పులిహోరపొడి రెండు సీసాలు చాలవని, మూడవది కూడా కొట్టింది. హూనాలో ఎవరికైనా ఇస్తుందట. తినేపదార్థాలను ఒడ్డుకు దించనివ్వరేమోనని నేనన్నాను. "అడిగి చూద్దాం, అడిగితే తప్పేముంది" అన్నది.

తిరిగివచ్చిన పిదప చూసినది చూసినట్లు వ్రాస్తాను. ఆ దారిన ఇదివరకే వెళ్ళివచ్చిన మిత్రులెవరైనా ఉంటే, చలికి ఎన్ని పొరలు తొడగాలో తెలియజేయగలరు.

స్వస్తి.